ఎంటర్ కొట్టకుండానే నొక్కిన కీ ప్రోగ్రాంకి అందాలంటే ఎలా? పైథాన్, లినక్స్ టెర్మినల్

కాశీబుగ్గ_లెక్కలు

అందరికీ నమస్కారం. మాది పలాస పక్కన కాశీబుగ్గ. మా అత్తవారిది చిన్న జీడిపప్పు యూనిట్. నేను బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను, పెళ్లయ్యాక యూనిట్ లెక్కలన్నీ నేనే చూస్తున్నాను.

గ్రేడింగ్ గదిలో ఇరవై మంది దాకా ఆడవాళ్లు పనిచేస్తారు. పొట్టు తీసిన పప్పు ముందేసుకుని సైజుల వారీగా ఏరుతారు. విరగని పప్పులో డబ్ల్యూ 180, 210, 240, 320, ఆ తర్వాత బద్దలు, ముక్కలు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, 320 అంటే ఒక పౌనుకి 300 నుంచి 320 పప్పులు తూగే సైజు. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. టబ్బు నిండగానే నా టేబుల్ దగ్గరకి తెస్తారు. తూకం సరిచూసి వాళ్ల పేరు మీద ఎక్కించాలి. కూలి టబ్బుల లెక్కనే, గ్రేడుని బట్టి రేటు. అందుకని ఒక్క టబ్బు ఎక్కకపోయినా ఎవరో ఒకరి కూలి పోయినట్టే.

ఇదివరకు నోటుపుస్తకంలో గీతలు గీసేవాళ్లం. ఇప్పుడు పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసి, పైథాన్‌లో ప్రోగ్రాం రాశాను. ఒక్కో మనిషికి ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక్కో గ్రేడుకి ఒక అంకె. ఎడమచేత్తో అక్షరం, కుడిచేత్తో యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ మీద అంకె, ఆ తర్వాత ఎంటర్.

ఆ ఎంటర్ దగ్గరే చిక్కు. సాయంత్రం పని దిగే ముందు నలుగురైదుగురు ఒకేసారి వచ్చి నిలబడతారు. "నాది రాసీసారా అమ్మా" అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే చెయ్యి పరిగెడుతుంది. ఎంటర్ సరిగ్గా పడకపోతే "ఆర్3", "కె1" కలిసిపోయి "ఆర్3కె1" అని ఒకే లైను అవుతుంది. ప్రోగ్రాం రెండూ తప్పంటుంది. అప్పటికి ఆ టబ్బులు పక్క గదిలోకి వెళ్లిపోయి ఉంటాయి.

ఇన్‌పుట్ ఫంక్షన్ తీసేసి, స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి రీడ్ ఒకటి అని పెట్టి చూశాను. అయినా ఎంటర్ కొట్టేదాకా కదలదు. నేను అడిగింది ఒక్క అక్షరమే కదా, ఎందుకు ఆగుతోంది? విండోలు, బటన్లు ఉన్న ప్రోగ్రాం వద్దు, ఆ ల్యాప్‌టాప్ లాగలేదు. టెర్మినల్‌లోనే జరగాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

రాజాం_కుర్రాడు

అక్కా, మా కాలేజీలో టర్బో సీలో గెట్‌చ్ అని ఉండేది. నొక్కగానే తీసుకునేది. ఆ ప్రోగ్రాంని సీలో రాసేస్తే సరిపోతుందేమో. లేదంటే గెట్‌చార్ పెట్టి చూడండి.

ఇజీనారం_మాస్టారు

తమ్ముడూ, గెట్‌చ్ ఉండేది కోనియో హెడర్‌లో. అది సీ స్టాండర్డ్‌లో భాగం కాదు, డాస్ కంపైలర్లతో వచ్చింది. లినక్స్‌లో జీసీసీకి ఆ హెడర్ ఉండదు. గెట్‌చార్ ఉంటుంది కానీ అది కూడా ఎంటర్ కోసం అలాగే ఆగుతుంది. భాష మార్చితే తీరేది కాదిది.

అమ్మా, మీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ల్యాబ్‌లో పిల్లలు ఏటా అడుగుతారు, నాకు చెప్పాలనిపించే విషయం కూడా ఇదే. కీబోర్డుకీ మీ ప్రోగ్రాంకీ మధ్య కెర్నల్‌లో, అంటే లినక్స్ లోపలి ముఖ్య భాగంలో, టెర్మినల్ డ్రైవర్ ఉంది. మామూలుగా అది కౌంటర్‌లో కూర్చున్న గుమస్తాలా పనిచేస్తుంది, కాగితం పూర్తయ్యేదాకా లోపలికి పంపదు. మీరు కొట్టిన అక్షరాలు తన దగ్గరే పెట్టుకుంటుంది. బ్యాక్‌స్పేస్ కొడితే చెరిపేది అదే, కంట్రోల్ యూ కొడితే లైను మొత్తం తీసేసేది అదే. ఎంటర్ పడ్డాకే లైను మీ ప్రోగ్రాంకి అందుతుంది. మీరు రీడ్ ఒకటి అన్నా, రీడ్ వెయ్యి అన్నా, ఆ లైను పూర్తయ్యేదాకా ఇవ్వడానికి అక్కడ ఏమీ ఉండదు. దీన్ని కెనానికల్ మోడ్ అంటారు.

నా మాట మీద నమ్మక్కర్లేదు, మీ కళ్లతో చూడండి. టెర్మినల్ తెరిచి క్యాట్ అని ఒక్కటే కొట్టండి, తనకి అందినదాన్ని అలాగే తిరిగి రాసే కమాండ్ అది. ఇప్పుడు పలాస అని టైప్ చేయండి. అక్షరాలు తెర మీద కనిపిస్తాయి కానీ అవి క్యాట్ రాసినవి కావు, డ్రైవర్ ఎకో చేసినవి, అంటే మీరు నొక్కింది మీకే చూపించినవి. ఎంటర్ కొట్టాక రెండో లైనులో వచ్చేదే క్యాట్ రాసింది. కంట్రోల్ సీతో బయటికి రండి. టెర్మినల్ సెట్టింగులు మార్చే కమాండ్ ఎస్‌టీటీవై. ఇప్పుడు ఎస్‌టీటీవై, ఒక స్పేస్, మైనస్ గుర్తు ఆనించి ఐకానన్, సెమికోలన్, క్యాట్ అని ఒకే లైనులో కొట్టండి, పేర్లన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో. మళ్లీ పలాస అని టైప్ చేస్తే ప్రతి అక్షరమూ అక్కడికక్కడే రెండేసి పడుతుంది. ఒకటి డ్రైవర్ ఎకో, రెండోది క్యాట్. అంటే ఎంటర్ లేకుండానే క్యాట్‌కి అందుతోంది. ఇంకోటి గమనించండి, ఈ మోడ్‌లో కంట్రోల్ డీ కొట్టినా క్యాట్ ఆగదు, ఎందుకంటే దానికి ముగింపు అన్న అర్థం ఇచ్చేది కూడా కెనానికల్ మోడే. కంట్రోల్ సీతోనే రావాలి. వచ్చాక ఎస్‌టీటీవై సేన్ అని కొడితే అంతా మామూలైపోతుంది.

ఇక పైథాన్‌లో. పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మియోస్, టీటీవై అని రెండు మాడ్యూళ్లు పైథాన్‌తోపాటే వస్తాయి, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. టెర్మియోస్ అన్నది యూనిక్స్ తరహా సిస్టాలకి ఉమ్మడిగా పెట్టిన 1988 పోసిక్స్ ప్రమాణంలోనే ఉన్నది, అందుకే లినక్స్‌లో, మ్యాక్‌లో ఒకేలా ఉంటుంది. ప్రోగ్రాం మొదట్లో టీసీగెట్ఆట్ర్ పిలిచి ఇప్పుడున్న సెట్టింగులు ఒక వేరియబుల్‌లో దాచండి. తర్వాత టీటీవై మాడ్యూల్‌లోని సెట్‌సీబ్రేక్ పిలవండి. అది లైను పట్టుకోవడాన్నీ, ఎకోనీ ఆపేస్తుంది. కనీసం ఒక బైట్ రాగానే రీడ్ తిరిగొచ్చేలా కూడా అదే పెడుతుంది. కంట్రోల్ సీ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది.

పక్కనే సెట్‌రా అని ఇంకోటి కనిపిస్తుంది. మీకు అది వద్దు. దానితో కంట్రోల్ సీ కూడా ఉత్త 3 అనే బైట్‌గా వస్తుంది, ప్రోగ్రాం ఎక్కడైనా ఇరుక్కుంటే ఆపడానికి ఇబ్బంది. పైగా అవుట్‌పుట్ సవరణ కూడా ఆగిపోతుంది కాబట్టి మీరు ప్రింట్ చేసే లైన్లు ఎడమ అంచు నుంచి మొదలవకుండా మెట్లు మెట్లుగా కుడివైపుకి జారిపోతాయి.

మీ పనికి అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. నెట్‌లో దొరికే గెట్‌చ్ ఫంక్షన్లు చాలావరకు ప్రతి కీకీ మోడ్ మార్చి, ఒక అక్షరం చదివి, మళ్లీ పాత మోడ్ పెట్టేస్తాయి. అవి వాడకండి. సెట్‌సీబ్రేక్ మామూలుగా టీసీఎస్ఏ ఫ్లష్ పద్ధతిలో మారుస్తుంది, అంటే అప్పటికే వచ్చి ఇంకా చదవకుండా ఉన్న కీలను పారేస్తుంది. సాయంత్రం హడావుడిలో మీరు గబగబా కొడితే మధ్యలో కీ మాయమవుతుంది. ఎంటర్ బాధ పోయి, ఏ ఎర్రరూ రాకుండా టబ్బు పోయే బాధ వస్తుంది. అది ఇంకా ఘోరం. మోడ్ ఒకసారే మార్చండి, ప్రోగ్రాం మొదట్లో. తిరిగి ఒకసారే పెట్టండి, చివర్లో.

ఆ చివర పెట్టడం ట్రై, ఫైనల్లీలో ఉండాలి. దాచిన సెట్టింగులు టీసీసెట్ఆట్ర్‌తో, టీసీఎస్ఏ డ్రెయిన్ అని చెప్పి పెట్టేయండి. ఎర్రర్ వచ్చినా, కంట్రోల్ సీ కొట్టినా ఫైనల్లీ నడుస్తుంది. టెర్మినల్ మన సొంతం కాదమ్మా, షెల్ దగ్గర తీసుకున్నది. ఎలా తీసుకున్నామో అలాగే ఇవ్వాలి. నేను పిల్లల రికార్డులు దిద్దేటప్పుడు మొదట చూసేది ఆ ఫైనల్లీయే.

ప్రోగ్రాంని బలవంతంగా ఆపే కిల్ మైనస్ తొమ్మిదితో చంపేస్తే మాత్రం ఫైనల్లీకి కూడా అవకాశం ఉండదు. అప్పుడు టెర్మినల్‌లో ఏం కొట్టినా కనబడకపోవచ్చు. కంగారుపడకుండా, కనబడకపోయినా ఎస్‌టీటీవై సేన్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఎంటర్ కూడా పట్టకపోతే దాని బదులు కంట్రోల్ జె కొట్టండి, లైను ముగింపు బైట్ 10ని నేరుగా పంపేది అదే.

బొబ్బిలి_డేటాఎంట్రీ

చెల్లెమ్మా, మాస్టారు చెప్పింది చేస్తే ఎంటర్ పోతుంది, బాగానే ఉంది. కానీ చాలా ఏళ్లు డేటా ఎంట్రీ చేసినదాన్ని కాబట్టి ఒక మాట. ఎంటర్ ఊరికే లేదు. కొట్టే ముందు కళ్లు ఒకసారి తెర మీదకి వెళ్తాయి, తప్పుంటే బ్యాక్‌స్పేస్ కొట్టి దిద్దుకుంటాం. ఎంటర్ తీసేస్తే ఆ వ్యవధి పోతుంది, నొక్కిందే ఫైనల్. కూలి లెక్క అంటున్నారు కాబట్టి దానికి బదులు ఏదో ఒకటి ఉండి తీరాలి.

నేనైతే ఇలా పెడతాను. అక్షరం నొక్కగానే ఆ మనిషి పేరు తెర మీద పెద్దగా రావాలి. అంకె నొక్కగానే పేరు, గ్రేడు, ఈరోజు ఆమెకి ఇది ఎన్నో టబ్బో రావాలి. బ్యాక్‌స్పేస్ కొడితే చివరి ఎంట్రీ రద్దు కావాలి. రద్దు అంటే ఫైల్లోంచి చెరపడం కాదు, "రద్దు" అని ఇంకో వరుస కింద రాయాలి. పద్దుపుస్తకంలో రబ్బరు పెట్టి చెరపం కదా, అలాగే. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

అంకె ఒంటరిగా వస్తే ఒప్పుకోవద్దు. ముందు అక్షరం, తర్వాత అంకె, ఆ రెండూ కలిస్తేనే ఒక ఎంట్రీ. ఎంట్రీ అయిపోయాక మళ్లీ అక్షరం వచ్చేదాకా అంకెలన్నీ వదిలేయాలి, బీప్ మాత్రం కొట్టాలి. దీంతో ఇంకో లాభం ఉంది. వేలు కాసేపు కీ మీదే ఉండిపోతే 33333 అని వరసగా వచ్చేస్తుంది. టెర్మినల్‌కి కీ నొక్కడమే తెలుస్తుంది, వదలడం తెలియదు, కాబట్టి ఐదుసార్లు నొక్కారో, ఒకసారి నొక్కి పట్టుకున్నారో ప్రోగ్రాం తేల్చుకోలేదు. ఈ పద్ధతిలో మొదటి మూడే లెక్కలోకి వస్తుంది.

ప్రతి ఎంట్రీ అప్పటికప్పుడే ఫైల్లో రాసి, ఫ్లష్ చేసి, అది డిస్కు మీదకి చేరేలా ఎఫ్‌సింక్ కూడా పిలవండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీని నమ్మలేం. కరెంటు పోతే సాయంత్రం పద్దంతా పోకూడదు.

కాశీబుగ్గ_లెక్కలు

మాస్టారూ, అక్కా, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. క్యాట్‌తో చూశాను, అక్షరాలు రెండేసి పడటం చూడగానే విషయం అర్థమైపోయింది. మీరిద్దరూ చెప్పినట్టే మార్చాను. ఎంటర్ లేకుండా నడుస్తోంది. గదిలో వాళ్లు కూడా తెర వైపు చూసి వాళ్ల పేరు, టబ్బు నంబరు చదువుకుని వెళ్తున్నారు. చదువు రానివాళ్లకి పక్కనున్నవాళ్లు చదివి చెప్తున్నారు.

కానీ ఒకటి అర్థం కావడం లేదు. మధ్యలో ఒకసారి నంబర్ ప్యాడ్ మీద 8 నొక్కితే అంకె రాలేదు, "ఏ" అనే అక్షరం కేటాయించిన మనిషి పేరు వచ్చింది. 2 నొక్కితే "బి" ఆవిడ పేరు. అంతకంటే భయపెట్టింది ఇంకోటి. ముందు ఒక అక్షరం నొక్కి, తర్వాత 9 నొక్కితే 5వ గ్రేడు కింద ఎక్కేసింది. మాకు 9 అనే గ్రేడే లేదు, చెయ్యి జారి నొక్కింది, దాన్ని తప్పు అని బీప్ కొట్టాలి కదా. వెంటనే బ్యాక్‌స్పేస్ కొట్టి రద్దు చేశాను. నంబర్ ప్యాడ్ పాడైందా? చదవడానికి ఏమైనా ఉందో లేదో చెప్పే సెలెక్ట్ ఫంక్షన్‌తో ఇంకా బైట్లు ఉన్నాయా అని కూడా చూశాను, ఏమీ లేవంటోంది.

ఇజీనారం_మాస్టారు

ప్యాడ్ బాగానే ఉంది. నమ్‌లాక్ ఆఫ్ అయింది, అంతే. నమ్‌లాక్ లేకపోతే ఆ ప్యాడ్ మీద 8 అంటే పైబాణం, 2 అంటే కిందిబాణం, 9 అంటే పేజ్ అప్.

బాణం కీకి ఒక్క బైట్ ఉండదు. పైబాణం నొక్కితే టెర్మినల్ మూడు బైట్లు పంపుతుంది: 27, 91, 65. అంటే ఎస్కేప్, చదరపు బ్రాకెట్, పెద్ద "ఏ". మీ ప్రోగ్రాం మొదటి రెండూ తెలియనివని వదిలేసి, మూడోదాన్ని "ఏ" ఆవిడగా తీసుకుంది. కిందిబాణానికి చివర 66, అది "బి". కుడిబాణం "సి", ఎడమబాణం "డి". పేజ్ అప్‌కి నాలుగు: 27, 91, 53, 126. మధ్యలోని 53 అంటే 5 అనే అంకె, అదే మీ ఐదో గ్రేడు. ఇలాగే నమ్‌లాక్ లేకుండా 3 నొక్కితే పేజ్ డౌన్, అందులో 6 ఉంటుంది. 0 నొక్కితే ఇన్‌సర్ట్, అందులో 2 ఉంటుంది. ఇవన్నీ చెల్లే గ్రేడు అంకెలే కాబట్టి బీప్ రాకుండా ఎక్కిపోతాయి. మీరు వెంటనే చూసి పట్టుకోవడం చాలా మంచిదైంది.

సెలెక్ట్ ఏమీ లేదనడానికి కారణం వేరే. మీరు ఇంకా స్టాండర్డ్ ఇన్‌పుట్ ఆబ్జెక్టు మీద రీడ్ ఒకటి అంటున్నట్టున్నారు. పైథాన్ ఆ ఒక్క అక్షరం కోసం కెర్నల్ దగ్గరున్న బైట్లన్నీ ఒకేసారి తన బఫర్‌లోకి లాగేసుకుని, మీకు ఒకటి ఇస్తుంది. మిగతా రెండూ పైథాన్ దగ్గరున్నాయి. సెలెక్ట్ చూసేది కెర్నల్ దగ్గర, అక్కడ ఖాళీ. అందుకని ఆ ఆబ్జెక్టుని పక్కనపెట్టి, ఓఎస్ మాడ్యూల్‌లోని రీడ్‌ని నేరుగా ఫైల్ డిస్క్రిప్టర్ (ఆ ఇన్‌పుట్‌కి కెర్నల్ ఇచ్చిన నంబరు) మీద పిలవండి, ఒక్కో బైట్ చొప్పున. అప్పుడు సెలెక్ట్ నిజం చెప్తుంది.

ఇప్పుడు 27 వస్తే ఏం చేయాలో చూడండి. సెలెక్ట్‌తో సెకనులో ఇరవయ్యో వంతు ఆగండి. ఏమీ రాకపోతే ఎవరో ఎస్కేప్ కీయే నొక్కారు. వస్తే అది పెద్ద కీ తాలూకు వరుస. 91 వచ్చిందంటే, దాని తర్వాత 64 నుంచి 126 లోపు బైట్ ఒకటి వచ్చేదాకా చదివి అన్నీ పారేయండి, ఆ బైట్‌తో వరుస ముగుస్తుంది. కొన్ని మోడ్‌లలో 91 బదులు 79, అంటే పెద్ద "ఓ" వస్తుంది. దాని తర్వాత ఒక్క బైటే ఉంటుంది, అదీ పారేయండి. పారేసిన ప్రతిసారీ తెర మీద "నమ్‌లాక్ చూడండి" అని ఎర్రగా రాయించండి, బీప్ కొట్టించండి.

రద్దుకి బొబ్బిలి అక్కగారు బ్యాక్‌స్పేస్ చెప్పడం కూడా సరైన ఎంపిక. అది ఒకే బైట్, మామూలుగా 127, కొన్ని టెర్మినళ్లలో 8, రెంటినీ ఒప్పుకోండి. రద్దుకి ఎస్కేప్ పెట్టుకుంటే ప్రతిసారీ ఇది ఒంటరి ఎస్కేపా, బాణం కీ మొదలా అని ఆగి తేల్చుకోవాలి. ఈ తేల్చుకోవడం అందరికీ ఉన్న బాధే. టెర్మినల్ తెరని నడిపే ఎన్‌కర్సెస్ లైబ్రరీ అయితే మామూలుగా 1000 మిల్లీసెకన్లు, అంటే నిండు సెకను ఆగుతుంది.

మింట్‌లో నమ్‌లాక్‌ఎక్స్ అనే ప్యాకేజీ వేసుకుంటే లాగిన్ కాగానే నమ్‌లాక్ ఆన్ అవుతుంది. అది వేసినా సరే, పైన చెప్పిన 27 జాగ్రత్త తీసేయొద్దు. పని మధ్యలో వేలు తగిలి ఆఫ్ కావడానికి అర క్షణం చాలు.

బొబ్బిలి_డేటాఎంట్రీ

ఇంకోటి గుర్తొచ్చింది. "ఎస్" అక్షరం ఎవరికైనా ఇచ్చారా? కంట్రోల్ మీద వేలుండగా ఎస్ పడితే తెర బిగుసుకుపోతుంది. ప్రోగ్రాం చావలేదు, అవుట్‌పుట్ ఆగింది. కంట్రోల్ క్యూ కొడితే కదులుతుంది. సీబ్రేక్ మోడ్‌లో కూడా ఇది పనిచేస్తూనే ఉంటుంది. వద్దనుకుంటే ప్రోగ్రాం మొదలుపెట్టే ముందు ఎస్‌టీటీవైకి మైనస్ ఐఎక్స్ఆన్ ఇవ్వండి.

రాజాం_కుర్రాడు

మాస్టారూ, నాది విండోస్. టెర్మియోస్ ఇంపోర్ట్ చేస్తే లేదంటోంది.

ఇజీనారం_మాస్టారు

ఉండదు తమ్ముడూ, అది యూనిక్స్ తరహా సిస్టాలకే. విండోస్ పైథాన్‌లో ఎంఎస్‌వీసీఆర్‌టీ అనే మాడ్యూల్ ఉంది, అందులో గెట్‌డబ్ల్యూచ్ పిలిస్తే నువ్వు కాలేజీలో చూసిన గెట్‌చ్ లాగే పనిచేస్తుంది. బాణం కీలకి అక్కడ ఎస్కేప్ రాదు. మొదట 0 గానీ 224 గానీ వస్తుంది, రెండోసారి పిలిస్తే ఏ కీయో వస్తుంది. మొదటిది అలా వచ్చిందంటే రెండోదాన్ని కూడా తప్పకుండా చదివేయాలి, లేకపోతే అక్కగారికి వచ్చిన చిక్కే నీకూ వస్తుంది.

కాశీబుగ్గ_లెక్కలు

అన్నీ చేశాను. కావాలనే నమ్‌లాక్ తీసేసి ప్యాడ్ మీద కీలన్నీ నొక్కి చూశాను, ఒక్కటీ లెక్కలోకి పోలేదు, ఎర్ర అక్షరాలు వచ్చాయి.

చివరిగా ఒకటి. మా వాళ్లకి ఇంగ్లీషు అక్షరాలు తెలియవు. తమ పేరుకి ఏ అక్షరం పెట్టామో వాళ్లకి తెలిస్తే, నేను నొక్కేది వాళ్లే చూసుకుంటారు. తెలుగు కీబోర్డు పెట్టి తెలుగు అక్షరాలతోనే చేయొచ్చా? "క" నొక్కితే ఇప్పుడు 224 ఒక్కటే వస్తోంది, "ర" నొక్కినా 224యే.

ఇజీనారం_మాస్టారు

తప్పకుండా చేయొచ్చు, చేయండి. అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. మొదటిది అన్నిటికీ 224, రెండోది 176 గానీ 177 గానీ, మూడోదాంతోనే అక్షరం తేలుతుంది. "క" అంటే 224, 176, 149. మీరు ఒక్కో బైట్ చదువుతున్నారు కాబట్టి మొదటిదే కనిపిస్తోంది. కోడెక్స్ మాడ్యూల్‌లో ఇంక్రిమెంటల్ డీకోడర్ ఉంది. వచ్చిన బైట్‌ని దానికి ఇస్తూ పోండి, మూడూ పూర్తయ్యేదాకా ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి, పూర్తికాగానే అక్షరం ఇస్తుంది. 27 తనిఖీ మాత్రం డీకోడర్ కంటే ముందే జరగాలి.

ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ పెట్టుకోండి, అందులో "క" ఒకే కీ. "శ్రీ" లాంటివి పెట్టకండి. చూడటానికి ఒక్కటే అయినా అది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి నాలుగు కోడ్‌పాయింట్లు, అంటే కంప్యూటర్ లెక్కలో నాలుగు విడి గుర్తులు, పన్నెండు బైట్లు, నాలుగు సార్లు నొక్కాలి. గుణింతం లేని ఒంటి అక్షరాలే ఇవ్వండి.

కాశీబుగ్గ_లెక్కలు

అలాగే మాస్టారూ. "శ్రీ"తో పేరు మొదలయ్యేవాళ్లు ఇద్దరున్నారు, ఒకరికి "శ", ఇంకొకరికి "వ" ఇస్తున్నాను. ఎవరి అక్షరం ఏదో వాళ్ల టబ్బు మీద పెయింట్‌తో రాయిస్తాను, కీబోర్డు మీద కూడా స్టిక్కర్లు అంటిస్తాను. సోమవారం నుంచి ఇదే వాడతాం.